కెవ్ మాలిస్ పేరు ఒక్కసారి పిలవండి

ఇమ్మిగ్రేషన్ కార్యాలయపు పెద్ద అధికారి గారి సముఖమునకు,
నమ్హే దీవిలో వెల్లుల్లి సాగు చేసుకొను ప్యో కుత్‌సున్ అను వితంతువు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పౌరసత్వ ప్రమాణమునకు ముందే మరణించిన నా కోడలు కెవ్ మాలిస్ పేరును రాబోవు ప్రమాణోత్సవములో ఒక్కసారి పిలిపించుట గురించి.

అంకెలు వేయని అర్జీని ఆఫీసుల్లో ఎవరూ చదవరని మా ఊరిపెద్ద చెప్పినందున అంకెలు వేసి విన్నవించుకొనుచున్నాను. తప్పులున్న మన్నించగలరు.

1. సదరు మాలిస్ కంబోడియా దేశస్థురాలు. నా కుమారుడు బాంగ్ గిచోల్‌ను వివాహమాడి పదేళ్ల కిందట మా ఇంటికి వచ్చినది. మా దీవిలో మంచు ఎప్పుడో గాని పడదు. ఆమె వచ్చిన ఏడే పడింది. గుమ్మంలో నిలబడి చూసి చూసి, "అత్తమ్మా, ఇదంతా ఎవరు ఊడుస్తారు?" అని అడిగింది. మనమే అన్నాను. ఆ రోజు నుంచి నా చేత చీపురు పట్టనివ్వలేదు. వారికి పిల్లలు కలగలేదు.

2. పౌరసత్వ పరీక్షలో మాలిస్ రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గినది. దరఖాస్తు ఆమోదించబడినదనియు, ప్రమాణము చేసి పత్రము అందుకొన్న నాటి నుండి ఆమె ఈ దేశ పౌరురాలగుననియు తమ కార్యాలయము నుండి కబురు వచ్చినది. కొత్తగా పౌరులైనవారు ఇంటిపేరును, వంశమునకు మూలమగు ఊరిని తామే ఏర్పరచుకొనవచ్చునని కూడ తమవారు చెప్పినారు. ఆ పూట అన్నాల దగ్గర మాలిస్, మొగుడి ఇంటిపేరు బాంగ్ కాదు, నా పుట్టింటి వారి ఇంటిపేరు ప్యో కావాలన్నది. ఊరు నమ్హే. నమ్హే ప్యో వంశం. లోకంలో అటువంటి వంశం ఇంతవరకు లేదు. గిచోల్ చెంచా కింద పెట్టి, "అమ్మా ప్యో, పెళ్లామూ ప్యో. ఇక ఈ ఇంట్లో పరాయివాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు.

నా పేరుకు అర్థం ఆఖరిది అని తమకు తెలియును. ఇంక ఆడపిల్లలు వద్దని మా నాన్న పెట్టిన పేరు. మాలిస్ అది తలచుకొని, "మీరు ఆఖరు, నేను మొదలు. సరిపోయింది కదా అత్తమ్మా" అన్నది.

3. ప్రమాణమునకు తయారీ గురించి. తమరు పంపిన పాఠము బహు చిన్నది. దేశపు రాజ్యాంగాన్ని, చట్టాలను పాటిస్తానని, పౌరురాలిగా నా బాధ్యతలు నెరవేరుస్తానని. మాలిస్‌కు మాత్రం రాజ్యాంగం అన్న మాట దగ్గర నాలుక మడత పడేది. అది వెల్లుల్లి తవ్వే కాలం. ఒక సాలు ఆమెది, పక్క సాలు నాది. గడ్డ పీకి, మట్టి దులిపి, ఆ మాట అనేది. తప్పు పోతే ఇంకో గడ్డ పీకేది. ఒకనాడు నడుము ఎత్తి, "ఇంతకీ రాజ్యాంగం అంటే ఏంటి అత్తమ్మా?" అన్నది.

నేను బడికి సరిగా పోయినదాన్ని కాను. తెలియదంటే పెద్దరికం పోతుందని, "పెద్ద అత్తగారనుకో. కంటికి కనబడదు గానీ అన్నిటికీ జవాబు అడుగుతుంది" అన్నాను.

"అయితే నాకు అలవాటే" అన్నది.

ఇద్దరమూ సాలులోనే కూలబడి నవ్వుకొంటిమి. ఈ ముక్క అర్జీకి తగదు, కొట్టివేయమని ఊరిపెద్ద అన్నాడు. నేను కొట్టివేయలేదు.

బజారులో ఆమెకు మన పండుగ బట్టలు, హాన్‌బొక్ కుట్టించితిమి. లేత ఆకుపచ్చ లంగా, తెల్లని పైచొక్కా. అది కట్టుకొని వాకిట్లో నిలబడేది. గిచోల్ తమరి మాదిరి గొంతు సవరించుకొని అరుగు మీద నుంచి కెవ్ మాలిస్ అని పిలిచేవాడు. ఆమె ఉన్నానని అరిచి చెయ్యెత్తేది. పొరుగింటి కుక్క మొరిగేది. అంత గట్టిగా అవసరం లేదే, పిలిచేది అధికారి, చెవిటివాడు కాదు అనేదాన్ని. తన జవాబు వినబడకపోతే పత్రం ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని ఆమె భయం.

4. తదుపరి జరిగినది వ్రాయుటకు నాకు ఆఫీసు మాటలు చాలవు. మాలిస్ చూరు కింద వెల్లుల్లి కట్టలు వేలాడదీస్తోంది. తల నొప్పిగా ఉంది, కాసేపు కూర్చుంటాను అత్తమ్మా అన్నది. కూర్చున్నది. మళ్లీ లేవలేదు. తలలో నరం చిట్లిందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. రెండు రోజులు గొట్టాల మధ్య ఉండి వెళ్లిపోయింది. ప్రమాణోత్సవానికి ఇంకా వారం ఉంది.

చనిపోయినవాళ్లకు నారబట్ట కట్టాలన్నారు పెద్దలు. నేను హాన్‌బొక్ కట్టించాను. కంబోడియాలో ఉన్న వాళ్లమ్మ ఫోన్ తెర మీద కనబడింది. ఆవిడ ఏదో అడిగింది. నేనేదో చెప్పాను. ఆవిడకు నా మాట రాదు, నాకు ఆవిడ మాట రాదు. ఇన్నేళ్లూ మా ఇద్దరికీ మాట అందించిన మనిషి పెట్టెలో పడుకొని ఉంది.

5. దహనమైన కొన్నాళ్లకు మాలిస్ ఫోనుకు తమ కార్యాలయము నుండి కబురు వచ్చినది. గైర్హాజరు అయినందున తదుపరి ప్రమాణోత్సవమునకు రావలెననియు, శుభ్రమైన దుస్తులు ధరించవలెననియు అందున్నది. తమవారిది తప్పు కాదు, మేమే తెలియజేయలేదు. నేను ఫోన్ చేశాను. ఎత్తిన అబ్బాయి మంచివాడు. అంతా ఓపికగా విన్నాడు. తరువాత, ఫైలు ముగిస్తామండీ అన్నాడు.

"ముగించడమంటే ఏం చేస్తారు నాయనా?"

"ఏం లేదు బామ్మగారూ. ఇక పేరు పిలవం, అంతే."

అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

6. అస్థికలు పూడ్చిన చోట పెట్టు సమాధి రాయి గురించి. రాయి చెక్కేవాడు పేరుతో పాటు వంశపు ఊరు ఏదని అడిగినాడు. నమ్హే ప్యో అని చెక్కమన్నాను. మా బాంగ్ వంశానికి పెద్ద అయిన మా బావగారు అడ్డు చెప్పినారు. "కాగితం రాలేదు. ప్రమాణం చెయ్యలేదు. చెయ్యని ప్రమాణం చేసినట్టు రాయి మీద ఎలా చెక్కిస్తాం మరదలా?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. దహనం నాడు అందరికన్న ముందు వచ్చి అందరి తరువాత వెళ్లినారు. వెనుకటి నుంచి వస్తున్న పద్ధతి చెప్పినారు. గిచోల్ ఆయనకు ఎదురు చెప్పలేదు. సగం చెక్కిన రాయి పెరట్లో గోనెపట్టా కింద ఉన్నది. గిచోల్ దాని పక్కగా నడవలేక చుట్టు తిరిగి పొలానికి పోతున్నాడు.

7. మాలిస్ ప్రమాణము చేయలేదనుట నిజము కాదని మనవి. పరీక్ష కోసం ఆమె బట్టీ పట్టిన పాఠాలలో, ఈ దేశములో అధికారమంతయు ప్రజల నుండియే వచ్చునని ఉన్నది. వంటింట్లో గిన్నెలు తోముతూ వల్లించేది కనుక నాకూ వచ్చును. ఆ ప్రజలలో నేనూ ఒకతెను. పుట్టుకతోనే పౌరురాలిని. నన్నెవరూ ఏ ప్రమాణమూ అడగలేదు. ఆమె నా ఎదుట, ఎండలో, మోకాళ్లకు మట్టితో, ఆ మాటలన్నీ చెప్పినది. చివరి రోజులలో రాజ్యాంగం అన్న మాట కూడ తప్పు పోలేదు. నేను విన్నాను. సాక్ష్యము చెప్పుటకు ఎక్కడికి రమ్మన్నను వచ్చెదను.

కావున నా ప్రార్థన. చనిపోయినవారికి పౌరసత్వము ఇచ్చు చట్టము లేదని ఫోన్ ఎత్తిన ఆ అబ్బాయి చెప్పినాడు. నేను చట్టమును మార్చమని అడుగుట లేదు. ఈమెకు అనుమతి లభించినది, ప్రమాణము ఒక్కటియే మిగిలినది అని తమ ముద్రతో ఒక ముక్క వ్రాసి ఇప్పించవలెను. దానిని మా బావగారికి చూపించుకొందును. రెండవది, రాబోవు ప్రమాణోత్సవములో అందరి పేర్లతో పాటు కెవ్ మాలిస్ అని ఒక్కసారి వేదిక మీది నుంచి పిలిపించవలెను. ఆ తరువాత ఫైలు ముగించుకొనవచ్చును.

ఇంతకన్న కోరునది లేదు. పెద్ద మనసుతో ఈ ముసలిదాని మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్యో కుత్‌సున్
(నమ్హే ప్యో వంశపు మాలిస్‌కు అత్త)

తాజా కలము: నాయనా, ఊరిపెద్ద వెళ్లిపోయాక ఇది రాస్తున్నాను. ఆయనకు తెలియదు. మీరు సరేనన్నా కాదన్నా ఆ రోజు నేను వస్తాను. గిచోల్‌ను కూడా తీసుకొస్తాను, వాడు రానన్నా సరే. బంధువుల కుర్చీల్లో వెనకాల కూర్చుంటాం, ఎవరికీ అడ్డం రాం. అందరి పేర్లూ అయ్యేదాకా ఆగుతాను. మీరు పిలవకపోతే నేనే పిలుస్తాను. నన్ను బయటికి పంపాలనుకుంటే పంపండి, కానీ ఒక్క క్షణం ఆగి పంపండి. పలకాల్సింది కూడా నేనే కదా.