నువ్వు పెట్టిన పాస్‌వర్డ్

నాయనా,

ఇంటి నుంచి పనిచేసేవాళ్లంతా శుక్రవారం లోపల ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చాలని మా ఆఫీసువాళ్లు చెప్పారు. అది నువ్వు పెట్టింది. నీకు చెప్పకుండా మార్చలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పోయి ఏడాది కావస్తున్నా ఇంట్లో ఫోన్లన్నీ దానితోనే నడుస్తున్నాయి.

కనెక్షన్ ఇచ్చిన రోజు మెకానిక్ పాస్‌వర్డ్ ఏం పెట్టాలని అడిగితే, నువ్వు గడగడా నా ప్లస్ టూ పరీక్ష నంబరు చెప్పావు. "ఇంకా ఎట్ల గుర్తుండాది నాయనా?" అన్నాను.

"రిజల్టు చూసేదానికి నెట్ సెంటర్ దాకా అదే చెప్పుకుంటా నడిచినా గదా. చీటీ యాడన్నా పడిపోతే ఏం జేసేది?" అన్నావు.

ఈరోజు రూటర్ సెట్టింగ్స్ తెరిచి కూర్చున్నాను. అంకెలు మాత్రమే ఉంటే కుదరదట, అక్షరాలు కూడా కలపాలట. ఆ నంబరు చెరపడానికి నాకు చేతులు రాలేదు.

పక్కన పూలు కడుతున్న అమ్మ, "దానికేంటికే అంత యోచన? మీ నాయనకు బస్సు నంబర్లు చూసి అంకెలొచ్చినాయి గానీ అక్షరాలు రాలేదు. ఆయనకు రానిది నువ్వు చేర్చు" అంది.

నిజమే. షోళింగనల్లూరు రోడ్డు పక్కన కేబుల్ గుంటలు తవ్వి నువ్వు నాకు ఇప్పించింది ఆ అక్షరాలే కదా. నంబరు అట్లాగే ఉంచి, దాని ముందు నీ పేరు టైపు చేశాను. సేవ్ మాత్రం ఇంకా నొక్కలేదు.

వద్దనుకుంటే శుక్రవారం లోపల చెప్పు నాయనా. ఏమీ అనకపోతే సరేనన్నావనే అనుకుంటాను.

నీ పాప