కోటగుమ్మం దగ్గర మలీద

రూవీ, మస్కట్

అక్కకు, బావగారికి నమస్కారాలు. మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పింకీ ఏడవకుండా బడికి పోతోందా? ఇక్కడ మేమిద్దరం కులాసా. ఉత్తరం అన్నాక రాయాలి కాబట్టి రాయడం లేదే అక్కా, నిజంగానే కులాసా. అమ్మకు కూడా చదివి వినిపించు. మధ్యలో ఏదైనా దాటెయ్యాలనిపిస్తే దాటెయ్యి.

వచ్చేస్తున్నానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఈయన ఏసీలు బిగించే పనికి పొద్దున్నే పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. కిటికీ తీస్తే సెగ, మూస్తే దిగులు. పలకరించే దిక్కు లేక ఫ్రిజ్‌తో మాట్లాడడం మొదలుపెట్టాను, నవ్వకు. నన్ను పంపించెయ్యమని రోజూ ఒకటే పోరు. చివరికి ఈయన సరేనని, శనివారం పోయి టికెట్ తెస్తానన్నారు. నువ్వేమో రామంతాపూర్ బడిలో పెద్దమేడంతో నా ఉద్యోగం మాట కూడా మాట్లాడి పెట్టావు.

శుక్రవారం సెలవు. "ఎట్లైనా పోతున్నవ్ గదా, గా పాత కోటనన్న సూసి పో. నాచారంల మనోళ్ళు అడిగితే ఏం జెప్తవ్?" అన్నారు ఈయన. నేను పులిహోర కలిపి, రొట్టెలు, బెల్లం దంచి మలీద ముద్దలు కట్టాను. పది మైళ్ళు కూడా లేని ఊరికి ఇంత మూటా అని ఈయన ఒకటే నవ్వు.

కొండ దిగగానే సముద్రం. ఓయమ్మో! మనం రోజూ చూసిన పెద్ద నీళ్ళు రామంతాపూర్ చెరువే కదే. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. పాత మస్కట్ చిన్న ఊరు. చుట్టూ చెట్టన్నది లేని నల్లకొండలు, ఊరికి అడ్డంగా గోడ, గోడకు పెద్ద పెద్ద గుమ్మాలు. రేవుకు అటొకటి ఇటొకటి కోటలు. వాటి లోపలికి పోనివ్వరు. పూర్వం పొద్దుగూకగానే ఊరి తలుపులు మూసేసేవారట, ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందేనట. రేవు రాళ్ళ మీద వచ్చిపోయిన ఓడల పేర్లు తెల్లరంగుతో రాసి ఉన్నాయి. గోల్కొండ గోడల మీద మనవాళ్ళు పేర్లు గీకినట్టే! ఈ జబ్బు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

ఇక నా ఘనకార్యం విను. గోడ గుమ్మం పక్కన సున్నం వేసిన చిన్న గుమ్మటం, దానికి పచ్చ తలుపు. గడపలో మట్టి మూకుడులో ఊదు పొగ. గురువారం గురువారం అమ్మ మనల్ని తీసుకెళ్ళే దర్గా వాసనే. నా ప్రాణం లేచి వచ్చింది. ఈయన వెనక నుంచి ఏదో అంటున్నా వినకుండా చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, గడప మీద రెండు మలీద ముద్దలు పెట్టి కళ్ళు మూసుకున్నాను. మొక్కుకుని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా యూనిఫాంలో గడ్డపాయన!

"బేటీ, యే దర్గా నై, హమారీ చౌకీ హై" అన్నాడు. దర్గా కాదట, వాళ్ళ కావలి గదట! నాకు తల కొట్టేసినట్టయింది. ఈయన పడీ పడీ నవ్వుతూ, "ఏందే గిది! పోలీసోళ్ళ గదికి మొక్కినవా?" అన్నారు.

ఆ పెద్దాయన మాత్రం ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "మలీదా!" అని ముఖం ఇంత చేసుకున్నాడు. సముద్రానికి అవతలి ఒడ్డు బలూచీ మనిషట, వాళ్ళమ్మ కూడా చేసేదట. ఇంతకీ ఏం కోరుకున్నావని ఉర్దూలో అడిగాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఘర్ జానా", ఇంటికి పోవాలని, అనేశాను. ఈయన నవ్వు అక్కడే ఆగిపోయింది. సరేనన్నప్పటి నుంచి వెళ్ళొద్దని ఒక్క మాట అనలేదు కదా, బాధ లేదేమో అనుకున్నాను. ఆ ముఖం చూస్తే తెలిసింది. సముద్రం వైపు తిరిగిపోయారు.

పెద్దాయన డ్యూటీ దిగే వేళేనంటూ మమ్మల్ని గోడ లోపలి సందులో ఉన్న వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య జులేఖాబీ కరాచీలో పెరిగిందట. వద్దు, అవును అనడానికి నేను మన ఊరి ఉర్దూలో "నక్కో", "హౌ" అంటుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. మన ఇంటి పక్కవాళ్ళతో మాట్లాడినట్టే నేను వాగుతూ కూర్చున్నాను. ఎన్నాళ్ళ కరువో! కొత్తగా వచ్చినప్పుడు తానూ ఈ గోడకు ఆనుకుని రోజూ ఏడ్చేదట. "ఏడవాలనిపిస్తే మా ఇంటికొచ్చి ఏడువు, ఒక్కదానివే ఏడవకు. మళ్ళీ శుక్రవారం రా" అని ఖర్జూరాలు కొంగులో కట్టింది.

తిరుగు దారంతా నేనే మాట్లాడాను. ఈయన వింటూ, "నీ గొంతు ఇని మస్తు దినాలైంది" అన్నారు. శనివారం పొద్దున డబ్బు జేబులో పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటుంటే, టికెట్ వద్దన్నాను. గుమ్మంలోనే కూర్చుండిపోయారు. ఆ రోజు పనికి ఆలస్యమైంది.

పెద్దమేడం గారికి నా బదులు క్షమాపణ చెప్పు. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వమను. బోడుప్పల్ నుంచి ఈయన స్నేహితుడు వచ్చే నెల వస్తున్నాడు, జొన్నపిండి, ఎల్లిపాయ కారం పంపు. జులేఖాబీకి గాజులు కూడా, ఎరుపువి. ఆమెకు నా సైజే సరిపోతుంది.

అమ్మానాన్నలకు, మామయ్యకు మా ఇద్దరి దండాలు. పింకీకి ముద్దులు. మీ దీవెనలు మా మీద ఉండనీ. నా మీద కోపం వస్తే తిట్టి రాయి అక్కా, ఎంతైనా తిట్టు. "రా" అని మాత్రం రాయకు. నువ్వు రమ్మంటే నేను ఆగలేను.

నీ చెల్లెలు
సరోజ