పడవ అమ్మేశాను, ఇట్లు నాగబాబు

గుడివాడ

వీరదుర్గకి నాగబాబు రాస్తున్నది. ఒళ్ళు కులాసా, నాలుకే బాగాలేదు.

ఓడలో వంటవాడి ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులోనేనట. అందుకని హాస్టల్లో చేరగానే, ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడకుండా, ఇంగ్లీషు నేర్పే యేసుదాసు మాస్టారు అందరి ఫోన్లూ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంగ్లీషులో మాటల వరస వేరు కదా, అది నోటికి పట్టేదాకా తెలుగు కూడా ఆ వరసలోనే మాట్లాడాలట. నిన్న మెస్సులో వంటచేసే రాహేలమ్మ గారితో "నేను కావాలి పప్పు" అన్నాను. పప్పుకి నువ్వెందుకయ్యా అని చారు పోసి పంపేశారు.

చివర రెండు ముక్కలు ఇంగ్లీషులో లేకపోతే ఉత్తరం పోస్టు చేయనివ్వరు.

ఇట్లు, నీ బావ నాగబాబు.

తా.క. ఐ హావ్ సోల్డ్ ద బోట్. అంటే, పడవ అమ్మేశాను. మై వైఫ్ హాజ్ గాన్ టు హర్ మదర్స్ హౌస్. అంటే, మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది.

దివిసీమ

బావకి, నువ్వు పుట్టింటికి పంపేసిన వీరదుర్గ మన ఇంట్లోంచే రాస్తున్నది.

ఉత్తరం చదివి రేవుకి పరిగెత్తాను. పడవ కట్టినచోటే ఉంది. ఎవరికి అమ్మావు? నీ తమ్ముడు ఏడుకొండలు పరాయివాళ్ళ పడవలో కాలు పెట్టనని వేట మానేసి గట్టున కూర్చున్నాడు. నన్ను నువ్వు వదిలేశావని ఎవరో చెబితే మా అమ్మ కోడిని కోసి, మంచం వాల్చి నాకోసం చూసిందట. నేను రాకపోయేసరికి కూర తనే తినేసి, నిన్ను తిట్టుకుంటూ పడుకుందట.

పంపేసేముందు నాకో మాట చెప్పాలి కదా బావా.

ఇట్లు, ఎక్కడికీ కదలని వీరదుర్గ.

తా.క. అమ్మ తిట్లు కవరులో పట్టలేదు. వచ్చాక విను.

గుడివాడ

వీరదుర్గకి, తిట్లు తిన్న నాగబాబు రాస్తున్నది.

పడవ అమ్మలేదు. అవి ప్రాక్టీసు ముక్కలు, పుట్టింటి ముక్క మాస్టారు బోర్డు మీద రాసిందే. పని అయిపోయినా దాని తాలూకు ఫలితం ఇంకా మన దగ్గర మిగిలి ఉంటే ఇంగ్లీషువాళ్ళు 'హావ్' పెట్టి చెబుతారట. అలాంటిదొకటి సొంతంగా చెప్పమని మాస్టారు లేపితే, నాకు నువ్వే కళ్ళముందు మెదిలావు. నీ మాటెత్తితే క్లాసంతా నవ్వుతుందని పడవ అమ్మేశానన్నాను.

కాస్త చూసి రాయి. వచ్చిన ఉత్తరాలు అందరి ముందూ ఇంగ్లీషులో చెప్పిస్తున్నారు. మీ అమ్మ కోడి తినేదాకా బాగానే చెప్పాను.

ఇట్లు, నాగబాబు.

తా.క. ఐ హావ్ ఫర్గాటెన్ మై హౌస్. అంటే, ఇల్లు మర్చిపోయాను. ఇదీ ప్రాక్టీసే, రేవుకి పరిగెత్తకు.

దివిసీమ

బావకీ, క్లాసులో కూర్చున్న అందరికీ వీరదుర్గ రాస్తున్నది.

నా పేరెత్తడానికి నీకు సిగ్గు. నాకు లేదు, అందరూ వినండి. ఒక్కదానికి వండుకోవడం నాకు చేతకావడం లేదు. ఏడుకొండలు వేట నుంచి వస్తుంటే నువ్వేననుకుని గుమ్మంలోకి వస్తున్నాను. వాడికి విసుగొచ్చి ఇప్పుడు దూరం నుంచే "నేనే వదినా" అని అరుస్తున్నాడు. గుడివాడలో ఉంటేనే ఇలా ఉంది, ఓడెక్కితే నెలల తరబడి నేనేమైపోను? నీకు సరదాగా ఉందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. వెళ్ళొద్దు బావా. నువ్వు నాకు కావాలి.

ఇట్లు, వీరదుర్గ.

తా.క. మాస్టారండీ, ఇది ప్రాక్టీసు కాదండీ. మీ ఇంట్లో ఆవిడకి మీరెప్పుడైనా ఉత్తరం రాశారా అండీ?

గుడివాడ నుంచి వచ్చే బస్సు

వీరదుర్గకి నాగబాబు రాస్తున్నది. బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం ఇంగ్లీషులో చెప్పాను. 'నేనే వదినా' దగ్గర అందరూ నవ్వారు. 'నువ్వు నాకు కావాలి' దగ్గర ఎవరూ నవ్వలేదు. తాజాకలం పైకి చెప్పలేక కాగితం మాస్టారి చేతికిచ్చాను. ఆయన చదువుకుని, బీరువా తీసి ఎవరి ఫోను వాళ్ళకిచ్చేశారు. ఆయన భార్య ఝాన్సీ గారు అలిగి బందరులో పుట్టింట్లో ఉండిపోయారట, మాకెవరికీ తెలియదు. బట్టలు కూడా సర్దుకోకుండా బందరు బస్సెక్కేశారు. క్లాసులు మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు.

ఓడ ఏజెంటుకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. తెలుగులోనే చెప్పాను. నాకూ వెళ్ళాలని లేదు వీరదుర్గా. నువ్వు వెళ్ళొద్దంటావేమోనన్న ఆశతో బయల్దేరేరోజు నా చెప్పులు నేనే మంచం కింద దాచి ఇల్లంతా వెతికాను. నువ్వు గబగబా వెతికి తెచ్చి ఇచ్చావు.

ఇట్లు, నీ నాగబాబు.

తా.క. కవరు మీద స్టాంపు లేదు, చూశావా? ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పలేక తలుపు కింద నుంచి తోశాను. చదవడం అయితే తలుపు తియ్యి, బయట దోమలు తినేస్తున్నాయి.