ముప్పై ఐదు శాతం

మే 4, ఆదివారం
ఉదయం 6.10. ఇది కొత్త డైరీ కాదు. జనవరిలో 'రోజూ నడక' కోసం కొన్నది. మూడు పేజీలు నడిచి ఆగిపోయింది. మిగతా పేజీలు మా అమ్మాయి భవానికి.

విషయం: జూన్ పన్నెండున బళ్లు తెరుస్తారు. భవానికి ఏడేళ్లు. మాట ఆలస్యం. పిలిస్తే తనకు తోచినప్పుడే పలుకుతుంది. నిరుడు 'తోటి పిల్లలకు ఇబ్బంది' అని ఎల్‌కేజీ నుంచి ఇంటికి పంపేశారు. ఈ జూన్ కూడా దాటితే ఇంకో ఏడాది ఇంట్లోనే.

నియమాలు:
1. దరఖాస్తులో నిజమే రాయాలి.
2. ఎవరి సిఫార్సూ అడగకూడదు.
3. బడి ఆఫీసుల్లో ఏడవకూడదు.

పదహారేళ్లుగా జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాను. విద్యాహక్కు పాఠం కళ్లు మూసుకుని చెప్పగలను. హక్కు ఉన్నవాళ్లు బతిమాలడం దేనికి? రెండు వారాల్లో అయిపోతుంది!

మే 6, మంగళవారం
మొదటి బడి, ప్రైవేటుది. గోడ మీద 'అందరూ మా పిల్లలే' అని నీలం అక్షరాలు. శుభసూచకం!

ఫారంలో 'పిల్లల గురించి ప్రత్యేక వివరాలు' అని రెండు గీతలిచ్చారు. నేను రెండు పేజీలు రాసి జతచేశాను. ప్రిన్సిపాల్ మొత్తం చదివాడు. "ఎంత బాగా రాసినారు మేడం!" అన్నాడు. సీటు మాత్రం లేదన్నాడు.

"సదరం సర్టిఫికెట్ ఉంటే కోటా కింద చూస్తాం. నలభై శాతం ఉండాల. అది లేకుండా మేమేం చేసేది, మీరే చెప్పండి?"

సదరం అంటే వైకల్యం ఇంత శాతమని డాక్టర్లు రాసిచ్చే కాగితం. పాతదానికి గడువు తీరిపోయింది. మళ్లీ క్యాంపుకు వెళ్లాలి.

ఏడవలేదు. ఆటోలో ఏడ్చింది లెక్కలోకి రాదు.

మే 10, శనివారం
మీసేవలో క్యాంపు తేదీ దొరికింది: ఇరవై. మంచిదే.

సాయంత్రం రెండో బడి ఫారం. 'ప్రత్యేక వివరాలు' దగ్గర పావుగంట ఆగాను. 'ఏమీ లేవు' అని రాశాను. ఇది అబద్ధం కాదు. ప్రశ్న అస్పష్టంగా ఉంది. ఏ బిడ్డ ప్రత్యేకం కాదు గనక? ఇంటర్వ్యూ ఇరవై నాలుగున.

(పైది మళ్లీ చదివాను. మా ఇంటర్ పిల్లలు ఇంతకన్నా నమ్మకంగా కాపీ కొడతారు.)

మే 14, బుధవారం
రెండు ఫైళ్లు తయారు చేశాను. ఎర్రది క్యాంపుకు: భవానికి చేతకానివి. నీలంది బడికి: భవానికి చేతనైనవి. ఎర్రది లావుగా ఉంది. నీలందాన్ని కాస్త పెంచాల్సి వచ్చింది. 'వందలోపు అంకెలు' అని రాసి, 'యాభై' చేసి, చివరికి 'అంకెలు' దగ్గర ఆపాను.

మా అత్త సుబ్బులమ్మ గడపలో కూర్చుని చూస్తూ ఉంది.

"పాపకు డాక్టర్లు ఏందో పరీచ్ఛ పెడతారంట గదా?"

"అవునత్తా. నలభై శాతం రావాల."

"నలభయ్యేనా? నా మనవరాలికి రాకుండా ఎట్ల పోతాది?"

ధైర్యం చెబుతోందనుకున్నాను.

మే 20, మంగళవారం
క్యాంపు. 11.40కి మా పేరు పిలిచారు. ఎర్ర ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నీ పేరేంది పాపా?" డాక్టరు అడిగాడు.

"భవాని."

కొత్త మనిషికి భవాని పేరు చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"ఇదేం రంగు?"

"ఎర్ర."

ఒకటి నుంచి పది. కాకి, కుక్క, ఆవు. నాయన పేరు. ఊరు మార్కాపురం. అన్నీ చెప్పింది. నా కూతురు నోరు మూసుకోవాలని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. నేనే. ఏడేళ్లుగా అదే కొండకు ఉల్టా మొక్కు మొక్కినదాన్ని.

ముప్పై ఐదు శాతం.

బయట బెంచీ మీద అత్త బెల్లం ముక్క పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఎన్నొచ్చినాయి?"

"ముప్పై ఐదు."

"పాసే గదమ్మా! నువ్వు కాలేజీకి పోయినాక రోజూ దొడ్లో కూచోబెట్టి చెప్పించినా. మొదాట ఒక్కటీ పలకలా. బెల్లం చూపిచ్చినాక పలికింది. తగ్గినవి అయిదే గదా. ఇంకోసారి పెట్టియ్యి, తెప్పిస్తా."

ఎక్కువ శాతం వస్తే ఎక్కువ చేతకాదని అర్థం అని ఇల్లు చేరేదాకా వివరించాను.

"చేతగానోళ్లకు ఎక్కువ మార్కులు ఎవరేస్తారే? ఎమ్మే చదివినావు!" అంది.



మే 22, గురువారం
భవాని కొత్త మనిషితో మాట్లాడింది. సంతోషించాల్సిన రోజు అది. రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది.

మే 24, శనివారం
రెండో బడి ఇంటర్వ్యూ. బెల్లం పట్టుకెళ్లాను. సిగ్గుపడుతూనే.

"నీ పేరేంది?" మౌనం. "ఇదేం రంగు?" మౌనం. బెల్లం చూపించాను. తీసుకుని తినేసింది. తర్వాత టేబుల్ కిందికి దూరి, గౌను జేబులోంచి పలక ముక్కలు తీసి నేల మీద వరుసగా పేర్చడం మొదలుపెట్టింది. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. విరిగినవి తెచ్చి ఇస్తాడు.

"ప్రత్యేక వివరాలు ఏమీ లేవని రాసినారే?" అంది ప్రిన్సిపాల్ మేడం.

"కొత్త చోటు కదండీ. సిగ్గు."

"సదరం ఉందా, కోటా కింద చూస్తాం?"

"ముప్పై ఐదు."

"అయ్యో! నలభై ఉండాల గదా."

బడికి భవాని తక్కువ. సర్టిఫికెట్‌కు ఎక్కువ.

ఏడ్చాను. ఆఫీసులోనే, వాళ్ల అడ్మిషన్ రిజిస్టర్ మీద. ఇద్దరి పేర్లు అలుక్కుపోయాయి. మూడో నియమం పోయింది. ఒకటోది ఎప్పుడు పోయిందో నాకే సరిగా గుర్తులేదు.

మే 31, శనివారం
మిగిలింది రెండో నియమం. దాన్నెందుకు ఒంటరిగా వదలడం?

మొదటి బడి కరస్పాండెంటు తమ్ముడు నా పాత విద్యార్థి. సివిక్స్‌లో రెండుసార్లు తప్పాడు. ఇంటికెళ్లి అడిగాను. కాఫీ ఇచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, చట్టం ముందు అందరూ సమానమే అని మీరే గదా చెప్పింది. మీకొక్కరికే ఎట్ల ఇప్పించేది?"

ఇన్నేళ్లకు పాసయ్యాడు.

జూన్ 8, ఆదివారం
ఏం రాయాలి. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండూ నా చేతి రాతే. ఒక దాంట్లో ఏమీ రాని పిల్ల. ఇంకో దాంట్లో అన్నీ వచ్చిన పిల్ల. ఈ ఇద్దరిలో ఎవరూ మా ఇంట్లో లేరు.

నడక డైరీగానే వాడుకుని ఉంటే బాగుండేది.

జూన్ 11, బుధవారం
సాయంత్రం 5. గేటు దగ్గర ఒకామె. ఎండకు ముఖం కమిలిపోయింది, చంకలో రిజిస్టర్. మా నాలుగో వీధిలో మున్సిపల్ బడి టీచరు దయామణి. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్చుకుంటున్నారట. ఆ బడి ముందునుంచే నేను రోజూ కాలేజీకి వెళ్తాను. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో రాస్తే ఒకటో నియమం ప్రకారం బాగుంటుంది. రాయను.

అలవాటు చొప్పున రెండు ఫైళ్లూ తెచ్చాను. ఏది ఇవ్వాలో తేల్చుకోలేక నిలబడ్డాను.

"అవి పక్కన పెట్టక్కా. పాపకు ఏది ఇష్టమో చెప్పు, సాలు."

రెండు ఫైళ్లలోనూ ఆ పేజీ లేదు. నలభై రోజుల్లో నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

"పుస్తకాలంటే..." అన్నాను. అబద్ధం. నోరు దానంతట అదే అనేసింది.

అప్పటికే దయామణి వరండాలో చతికిలబడి ఉంది. భవాని పలక ముక్కల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేరుస్తోంది. దయామణి ఒక ముక్క తీసి తప్పు చోట పెట్టింది. భవాని ఆమె వంక చూసింది. చెయ్యి పట్టుకుని, ఆ చేత్తోనే ముక్కను తీయించి సరైన చోట పెట్టించింది.

"నాకే పాఠం జెప్తాంది!" అని నవ్వింది దయామణి. తర్వాత నావైపు తిరిగి, "నిజం చెప్తాండా అక్కా. మాకు ఇరవై మందే ఉండారు. ఇరవై దాటకపోతే రెండో టీచర్ని తీసేస్తారు. నీ బిడ్డ ఇరవై ఒకటి. మాకూ అవసరమే."

"ముప్పై ఐదు శాతం పాసైంది మా పిల్ల," అని లోపల్నుంచి అరిచింది అత్త.

"పాసైనోళ్లే కావాల పెద్దమ్మా!"

సర్టిఫికెట్ అడగలేదు. పేరు రాసుకుంది. రేపు తొమ్మిదింటికి.

భవానిని చూసి చేర్చుకుందా, లెక్క చూసి చేర్చుకుందా? రాత్రి దాకా ఆలోచించాను. లెక్క చూసే. ముఖం మీదే చెప్పింది. ఈ నలభై రోజుల్లో ఒకటో నియమం పాటించిన మనిషి ఆమె ఒక్కతే.

జూన్ 12, గురువారం
నియమాలు మళ్లీ మొదలు.

1. నిజమే రాయాలి. ఇష్టాలు: ~~పుస్తకాలు~~ పలక ముక్కలు. బెల్లం. జేజి (మా అత్త).
2. సిఫార్సు అక్కర్లేదు. చేరిపోయింది.
3. ఏడవకూడదు. 9.05కి గేటు దగ్గర చెయ్యి వదిలించుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది. భవాని ఏడవలేదు.

నేను రేపటి నుంచి.