చిలుక బొమ్మ వెనక

2025 జూలై 7, సోమవారం

ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం. నిజామాబాద్‌లో టైర్ల షాపు పైన రెండు గదులు. కంపెనీ పేరు ఆకునాడి. రైతు చెరకు ఆకు ఫోటో తీసి యాప్‌లో పెడితే తెగులేమిటో, ఏం చేయాలో నిమిషంలో చెబుతుంది. ఫౌండర్లు ఇద్దరు. భానుప్రసాద్ మాట్లాడతాడు, సంజన కోడ్ రాస్తుంది. సార్ అంటే భాను ఒప్పుకోలేదు. అన్న అనాలట. ఇక్కడందరూ ఫ్యామిలీ అట. అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్న ఎడపల్లి పిల్లకు ఇంకేం కావాలి? బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఆదివారం చర్చిలో నా పేరు మీద కృతజ్ఞత ప్రార్థన చేయిస్తానన్నాడు బాపు.

జూలై 9

యాప్‌లో ఉన్న ఏఐ ఎవరో తెలిసింది. నేనే.

ఫోటోలన్నీ నా లాప్‌టాప్‌కు వస్తాయి. నేను చూసి జవాబు టైప్ చేస్తాను. రైతు ఫోన్‌లో ఒక ఆకుపచ్చ చిలుక బొమ్మ నోరు తెరిచి అదే చెబుతుంది. ఇదేంటన్నా అని అడిగితే టెంపరరీ అన్నాడు భాను అన్న. నా జవాబులు చూసి మిషన్ నేర్చుకుంటోందట. నమ్మాను. నిజం రాయాలంటే, కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

జూలై 24

పసుపుపచ్చగా మారిన ఆకు ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. ఎరువు తక్కువైనా పసుపే, ఎర్రకుళ్ళు పట్టినా పసుపే. మొదటిదైతే యూరియా వేయాలి. రెండోదైతే ఆ దుబ్బును వేళ్ళతో సహా పెకిలించి కాల్చాలి, లేకపోతే పారే నీళ్ళ వెంట పక్క సాళ్ళకు పాకుతుంది. తేడా తెలియాలంటే గడను నిలువునా చీల్చి లోపలి రంగు చూడాలి, వాసన చూడాలి. ఫోటోకు వాసన రాదు. అందుకే పసుపు ఆకు కనబడితే ముందు నేనొకటే అడుగుతాను, గడ చీల్చి చూశారా అని.

ఇవాళ రెంజల్ నుంచి హన్మవ్వ అనే ఆమె అడగ్గానే చీల్చి ఫోటో పెట్టింది. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎరువు లోపమే. చెప్పాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఫోన్ల ఎవలున్నరో గని బిడ్డా, మా మంచిగ అడుగుతున్నవ్."

లోపల మనిషి ఉందని ఎలా పట్టిందో! నేను మాత్రం చిలుకతోనే ధన్యవాదాలు చెప్పించాను.

ఆగస్టు 18

హైదరాబాద్ నుంచి ఇన్వెస్టర్లు వచ్చారు. వాళ్ళు రాకముందే లాప్‌టాప్ పట్టుకుని కింద చాయ్ హోటల్‌లో కూర్చోమన్నాడు భాను అన్న. పైన డెమో. కింద నేను, ఉల్లిగడ్డ పకోడీల పొగలో కళ్ళు మండుతుండగా. ఏడు ఫోటోలు వచ్చాయి. ఏడింటికీ జవాబులు కొట్టాను. పైనుంచి చప్పట్లు వినిపించాయి.

వాళ్ళు పోయాక పైకి వెళ్తే స్క్రీన్ మీద స్లైడ్ ఇంకా అలాగే ఉంది. మా టీమ్ అని రాసి రెండు ఫోటోలు. భానుప్రసాద్, సంజన. కింద చిలుక.

చిలుకకు కూడా చోటుంది.

ఆగస్టు 19

ఆ స్లైడ్ గురించి అడగకుండా ఈరోజూ అరవై జవాబులు కొట్టాను. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

సెప్టెంబర్ 1

మిషన్ తయారైందట. ఈరోజు నుంచి జవాబులు అదే ఇస్తుంది. నన్ను కస్టమర్ హ్యాపీనెస్‌లో వేశారు. అంటే ఫోన్ చేసి మన యాప్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారని అడగడం.

మరి గడ చీల్చే ప్రశ్న ఉందా అని అడిగాను. తీసేశారు. పొలంలోకి వెళ్ళి గడ కోయమంటే సగం మంది మళ్ళీ యాప్ తెరవడం లేదట. ఆ ప్రశ్న లేకుండా ఎర్రకుళ్ళు దొరకదన్నాను. "నీకు అర్థమైతలేదు హెప్సీ. రైతుకు స్పీడ్ గావాలె. నైంటీ పర్సెంట్ కరెక్ట్ వస్తే సాలు" అన్నాడు. మిగతా పది మందికి చెరకు ఉండదా అన్నా అని అడిగాను. నెగటివ్ ఎనర్జీ వద్దన్నాడు. సంజన అక్క వైపు చూశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అందులో పాట రావడం లేదని నాకు తెలుసు.

సెప్టెంబర్ 4

ఫైవ్ స్టార్లు ఇచ్చిన వాళ్ళు ఇరవై రెండు మంది. భాను అన్న స్వీట్లు తెప్పించాడు. తినలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

స్టార్ల కోసం హన్మవ్వకు ఫోన్ చేశాను. నా స్క్రిప్ట్ చదవనివ్వలేదు. "ఈ నెల మొదట్ల ఆకు మల్ల పసుపైతె మీ చిలుక యూరియా ఎయ్యమన్నది, ఏసిన. వారానికి మల్ల ఫోటో పెడితే మల్ల ఎయ్యమన్నది, ఏసిన. తోట ఇంక ఎండవట్టె. మొదలు గడ కోసి సూడమనేది గద, ఇప్పుడెందుకు అంటలేదు?"

స్టార్లు వద్దులే అవ్వా, రేపు నేనే వస్తానన్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

చర్చి మానేసి రెంజల్ వెళ్ళాను. హన్మవ్వకు యాభై దాటి ఉంటాయి. తానే కొడవలి తెచ్చి గడ చీల్చింది. లోపలంతా ఎరుపు, మధ్య మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు. పులిసిన కల్లు వాసన. పది దుబ్బులు చూస్తే ఆరింటికి ఉంది. ఇరవై రోజుల కిందట ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రెండు మూడు దుబ్బులతో పోయేది.

చెప్పకుండా ఉండలేకపోయాను. జూలైలో అడిగింది నేనే అవ్వా, చిలుక వెనక నేనే ఉన్నాను, ఇప్పుడు మిషన్ ఉంది అన్నాను.

ఆమె కొడవలి గట్టు మీద పెట్టింది. "గప్పుడు మనిషి, ఇప్పుడు మిషినా? మరి రెండిటికి ఒక్కటే బొమ్మ ఎట్ల పెట్టిన్రు? మాకెట్ల తెలుస్తది బిడ్డా?"

బస్సెక్కి కూర్చున్నాక నన్ను నేనే అడిగాను. ఆ బొమ్మ మీద నమ్మకం పెంచింది ఎవరు? నేను. రోజుకు అరవై జవాబులు ఇచ్చి మరీ పెంచాను.

సెప్టెంబర్ 22, ఉదయం 11

చీల్చిన గడ కవర్‌లో పెట్టి తీసుకెళ్ళి భాను అన్న టేబుల్ మీద పెట్టాను. గది అంతా వాసన. ముక్కు మూసుకుని, ఎక్కడో ఒకటి ఇలా జరుగుతుంది, ఎడ్జ్ కేస్ అన్నాడు. ఎడ్జ్ కేస్! ఆమె పేరు హన్మవ్వ అన్నాను. దాన్ని ఫోటో తీసి లేబుల్ చేస్తే మిషన్ నేర్చుకుంటుందట. అంటే ఆమె తోట మిషన్‌కు పాఠం. పైగా నిపుణులను సంప్రదించాలని యాప్ షరతుల్లో రాసే ఉందట. నిపుణుల దగ్గరికి పోనక్కర్లేదనే కదా నెలలుగా ఊరూరా పోస్టర్లు అంటించారు!

మిషన్ వచ్చాక పసుపు ఆకు పంపి యూరియా జవాబు అందుకున్నవాళ్ళు ఎంతమంది అని అడిగాను. సంజన అక్క మొదటిసారి నోరు తెరిచింది. నలభై ఒక్క మంది.

అందరికీ ఫోన్ చేద్దామన్నాను. ఇన్వెస్టర్లు సంతకం పెట్టేదాకా ఒక్క ఫోన్ కూడా పోవద్దన్నాడు భాను అన్న.

అదే రోజు, సాయంత్రం 4

టేబుల్ మీద నా టిఫిన్ డబ్బా కింద మడిచిన కాగితం. నలభై ఒక్క పేర్లు, నంబర్లు. సంజన అక్క సీట్లో లేదు.

సెప్టెంబర్ 23

సెలవు పెట్టి ఇంటి నుంచి ఫోన్లు చేశాను. నేను హెప్సిబాను, మనిషిని, గడ చీల్చి చూడండి, యూరియా ఆపండి. ఇదే మాట ముప్పై రెండుసార్లు. సరిహద్దు అవతలి ఒకాయనకు తెలుగు రాదు. ఆత్ లాల్ ఆహే కా, లోపల ఎర్రగా ఉందా అని నాకొచ్చిన నాలుగు మరాఠీ ముక్కలతో అడిగాను. ఉందన్నాడు. ఒకాయన బండబూతులు తిట్టాడు. పూర్తిగా విన్నాను. ఇంకొకాయన, తన తోటలోంచి విత్తనపు ముచ్చెలు, అంటే నాటే గడ ముక్కలు, పక్క ఊరివాళ్ళకు ఇస్తానని మాట ఇచ్చానని, ఇప్పుడే వద్దని చెబుతానని అన్నాడు. తొమ్మిది మంది ఎత్తలేదు. వాళ్ళ ఊళ్ళకు బాపు నన్ను బండి మీద తిప్పాడు. చీకటి పడేలోపు ఏడుగురు దొరికారు.

మొత్తం పదకొండు తోటల్లో ఎర్రకుళ్ళు.

సెప్టెంబర్ 24

ఫోన్ల సంగతి తెలిసి ఉద్యోగంలోంచి తీసేశారు. నిన్ను ఫ్యామిలీ అనుకున్నాను, వెన్నుపోటు పొడిచావన్నాడు భాను. నేనూ అన్నాను. "ఫ్యామిలీ అయితే ఫోటోల ఉంటది గద అన్నా. నన్ను కింద చాయ్ హోటల్ల ఎందుకు కూసోవెట్టినవ్?"

మెట్లు దిగేలోపే వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తొలగించారు.

సెప్టెంబర్ 26

పేపర్‌లో భానుప్రసాద్ ఫోటో. చెరకు తోటలో నిలబడి. ప్రతి ఆకు వెనక ఒక రైతు ముఖం చూస్తానని చెప్పాడట. పేపర్ నలిపేశాను. బాపు మళ్ళీ సాపు చేసి చదివి, తోటలోకి ఆ తెల్ల బూట్లతో ఎవరు పోతారన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

పెద్ద చదువులవాళ్ళ పక్కన పని చేస్తే చాలా నేర్చుకుంటావని కాలేజీలో అన్నారు. నేర్చుకున్నాను. అబద్ధం పెద్దగా మొదలవ్వదు. టెంపరరీ అని మొదలవుతుంది. దానికి మొదటి రోజు తలూపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సెప్టెంబర్ 27

సంజన అక్క మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రిజైన్ చేసిందట. సారీ హెప్సీ అంది. ఆ హెడ్‌ఫోన్స్ గుర్తొచ్చి కూర్చోమని కూడా అనలేదు. సారీ నాకు కాదు, రేపు రెంజల్‌లో దుబ్బులు పెకిలిస్తున్నారు, వస్తే రా అన్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

వచ్చింది. పొద్దంతా గడ్డపారతో దుబ్బులు తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మంటలో వేసేటప్పుడు హన్మవ్వ అడిగింది, ఈమె ఎవరని. నేను నోరు తెరిచేలోపే అక్క చెప్పింది. "ఆ ప్రశ్న తీసేసింది నేనే."

హన్మవ్వ ఆమె చేతిలోంచి గడ్డపార లాక్కుంది. దాని మొనకు అంటిన మట్టి కాలితో రాల్చింది. నాకు భయమేసింది.

తర్వాత తిరిగి ఆమెకే ఇచ్చింది.

"ఇంక రెండు సాళ్ళున్నయ్, తవ్వు."