మగ్గం గుంటలో పసిపిల్ల

గద్వాల,
బుధవారం.

యాదమ్మక్కకు నీ తమ్ముడు కురుమూర్తి నమస్కారం.

మీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు ఒక అన్యాయం చెప్పనీ. మేము నేసే, మేము పడుకునే ఈ ఇంటి మట్టి మిద్దెను ఓనరు గోవర్ధన్ విప్పించి రేకులు వేయించాడు. మిద్దె కారలేదు, కూలలేదు. వీధిలో పోయేవాళ్లకు ఇల్లు కొత్తగా కనబడాలట. ఈ వరుసలో ఆయనవి నాలుగు ఇళ్లు, నాలుగింటికీ అదే గతి. ఎండ ఎవరిదో నాకు తెలియదు కానీ, రేకు మాత్రం గోవర్ధన్‌ది.

ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బర్రె ఈనిందా? నేను బాగానే ఉన్నాను. రెండు పూటలా తింటున్నాను, నిజంగానే తింటున్నాను, నువ్వు పరేషాన్ కావద్దు. ఇదంతా ఫోన్లో చెబితే "సరె తియ్, జర కోపం తగ్గించుకో" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు, అందుకే రాస్తున్నాను.

మన ఊళ్లో ప్రతి ఏడూ వానలకు ముందు మిద్దె మీద చవుడు మట్టి పోసి దంచేవాళ్లం గదా, నేను విసుక్కుంటే నువ్వు నెత్తిన మొట్టేదానివి. ఆ చవుడు వాన కోసమే అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఎండను కూడా ఆపేదని రేకుల కింద పడుకుంటే తెలిసింది. పగలు పది దాటితే రేకు టిక్కుటిక్కుమంటుంది. కుండలో నీళ్లు కూడా వేడెక్కుతాయి. మజ్జిగ మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

నాకు పని నేర్పుతున్న ఈశ్వరయ్య పెదనాయన సంగతి నీకు తెలుసు. ఆయన మగ్గం మీద పట్టంచు చీర ఉంది, ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఎండకు గాలి పొడిబారి నూలు పోగు పెళుసెక్కి తెగుతుంది. ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువ తెగుతుంది. అందుకని నేసేవాళ్లు చెమటలు కక్కుతూ ఫ్యాను ఆపుకొని కూర్చుంటారు. మిద్దె ఉన్నప్పుడు కిటికీలకు తడి గోనెలు కట్టి, నేల మీద నీళ్లు చల్లితే సరిపోయేదట. గోనెలు ఇప్పుడూ కడుతున్నారు, చాలడం లేదు.

నేను ఊరుకోలేదు. "గాలి, వెలుతురు ప్రతి మనిషి హక్కు" అని నా దగ్గరున్న కరపత్రంలో ఉంది. ఒక మధ్యాహ్నం ఆ గోనెలన్నీ పీకి కిటికీలు బార్లా తెరిచాను. వడగాలి కొట్టింది. మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు పోగులు వరసగా పుటుక్కుమని తెగాయి. పెదనాయన నా దిక్కు చూసి, "నీ హక్కు వచ్చి నా పడుగు తెంపిపాయె రా. ఇగ కూసోని అతుకు" అన్నాడు. చీకటి పడేదాకా ఒక్కొక్క పోగే అతికాను. అయినా అక్కా, తప్పు కిటికీది కాదు, పైనున్నదానిది. ఆ మాట నేను ఆయనతో కూడా అన్నాను.

అసలు బాధ ఇది కాదు. పెదనాయన బిడ్డ సుజాతక్క కాన్పుకు వచ్చి ఇక్కడే ఉంది. చంటిది ఆడపిల్ల. ఒళ్లంతా చెమటకాయలు, మధ్యాహ్నమైతే పాలు పట్టదు, ఏడ్చి ఏడ్చి గొంతు కూడా రాదు. దవాఖానకు తీసుకుపోతే "చల్లటి జాగల ఉంచుండ్రి" అని డాక్టరమ్మ చెప్పింది. చల్లటి జాగా ఎక్కడుంది? ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. మగ్గం గుంట.

నేసేటప్పుడు పెదనాయన కాళ్లు పెట్టుకునే గుంట అది, నడుము లోతు. అడుగున మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సుజాతక్క తల్లి పద్మ పెద్దమ్మ పాత చీర నాలుగు మడతలు వేసి, తాను గుంటలో దిగి కూర్చొని, పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆ వేళ అది మొదటిసారి ఏడవకుండా నిద్రపోయింది. కానీ పెద్దమ్మ, పిల్ల గుంటలో ఉంటే పెదనాయన కాళ్లు ఎక్కడ పెట్టాలి? ఆయన గుంట గట్టు మీద కాళ్లు ముడుచుకొని, ఆగిన మగ్గాన్ని చూస్తూ కూర్చుంటున్నాడు. పొద్దున్నే చల్లగా ఉన్నంతసేపు నేస్తాడు, ఎండెక్కగానే మనవరాలికి జాగా ఇస్తాడు. పెళ్లికి పోవాల్సిన చీర అది. వేళకు మగ్గం దిగకపోతే, నూలిచ్చి నేయించుకునే సావుకారు తర్వాతి పడుగు ఇంకొకరికి ఇస్తాడు. పిల్ల గుంటలో ఉంటే మగ్గం ఆగుతుంది, మగ్గం నడిస్తే పిల్ల ఎండలో ఉంటుంది. నీకు కోపం రావడం లేదా అక్కా? నాకు అన్నం తింటున్నా వస్తోంది.

నేను గోవర్ధన్‌ను పిలుచుకొచ్చాను. తల వంచి లోపలికి వచ్చి, చేతి రుమాలుతో విసురుకుంటూ, "నా పాత కూలరు పంపిస్త తియ్యి" అన్నాడు. పంపించాడు కూడా. దాని తడిగాలి ఒక పక్క నుంచే కొట్టి ఆ పక్క పట్టంచు వదులై ముడతలు పడింది. పైగా సరిగ్గా ఎండ వేళకే కరెంటు పోతుంది. కూలరు వెనక్కి తీసుకుపోయి, "రేకుల మీద సొప్ప, కందికట్టె పరుచుకుంటం, సెలవియ్యి సారూ" అన్నాను, పెద్దమ్మ చెప్పినట్టు మర్యాదగానే.

"నా కొత్త రేకుల మీద గడ్డి ఏస్తరా? పశువుల కొట్టం లెక్క కనబడతది" అన్నాడు.

నా వెనక వచ్చిన పెద్దమ్మ, "పశువులన్న కొట్టంల సల్లగుంటయి సారూ" అంది.

ఆయనకు ముఖం ఎర్రబడింది. "రేకుల మీద ఎవడెక్కినా వాని సామాను బజార్ల ఉంటది. నచ్చకుంటె ఖాళీ చేయుండ్రి."

ఖాళీ చేద్దామనే అన్నాను నేను ఇంటికొచ్చి. పెదనాయన నవ్వాడు. "చెంబు, తపేలా సంచిల ఏసుకుంటం. గుంటను నెత్తిన పెట్టుకొని పోతమా?" అన్నాడు. నిజమే. మగ్గం గుంటను తవ్వి, గట్టి చేసి, ఆయన కాలికి కుదిరేటట్టు చేసుకోవడానికి ఏళ్లు పట్టింది. అది తెలిసే గోవర్ధన్ బెదిరిస్తున్నాడు. పాతుకుపోయినవాళ్లను పీకుతానని బెదిరించడమే ఈ లోకంలో దొరతనం.

అందుకని ఇల్లిల్లూ తిరిగాను. మూడు ఇళ్లవాళ్లు మొదట తలుపు సగమే తీశారు. వాళ్లను తీసుకొచ్చి గుంటలో పెద్దమ్మను, పిల్లను చూపించాను. ఉపన్యాసం అవసరం పడలేదు, మూడిళ్లవాళ్లూ సరేనన్నారు. ఒక్క ఇంటి మీద పరిస్తే ఒక్కరి సామాను బయటపడుతుంది. నాలుగిళ్ల మీదా ఒకేసారి పరిస్తే ఎన్ని మగ్గాలను బజార్లో పెడతాడు, ఆ ఇళ్లను ఎవరికిస్తాడు?

ఇక నీ పని. శనివారం పెబ్బేరు సంతకు మీ ఊరి ట్రాలీ వస్తుంది గదా. బావకు చెప్పి మీ కందికట్టె, ఉన్నంత జొన్నసొప్ప దానికి ఎత్తించు. సంత అయ్యాక అట్లనే గద్వాలకు తోలుకురమ్మను. గాలిదుమారానికి లేవకుండా కట్టడానికి తాళ్లు కూడా కావాలి. ఈసారి పొయ్యికి కట్టె తక్కువైతే నన్ను తిట్టుకో, నేను పడతాను. వీలైతే నువ్వు కూడా రా. సొప్ప పరవడం నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు సీసాలో కొంచెం గానుగ నూనె, పిల్లకు రాయడానికి.

అమ్మను, నాయనను నా మీద బెంగ పెట్టుకోవద్దని చెప్పు. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. నీ చేయి నా నెత్తి మీద ఉండాలి, మొట్టడానికైనా సరే.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు అందరం ఇంటి ముందర కలవాలని చీటీ రాసి పెదనాయనకు చదివి వినిపించాను. గట్టు మీద కాళ్లు ముడుచుకొనే విన్నాడు. తర్వాత గుంటలోకి వంగి నిద్రపోతున్న పిల్లను చూసి అన్నాడు:

"ఏడుకు రేకు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతయి రా పిచ్చోడా. అయిదుకే రమ్మని రాయి. నిచ్చెన నేనే పట్కుంట."

కొట్టేసి రాశాను. ఆదివారం పొద్దున అయిదు గంటలకు, ఈశ్వరయ్య ఇంటి ముందర. ఆలస్యం చేయకుండా రండి.

నీ తమ్ముడు,
కురుమూర్తి