మీరు చెప్పిన టైటానిక్ పాఠం

నర్సీపట్నం

ఏవండీ,

ఇవాళ మీ ఆబ్దికం. భోక్తలు వెళ్లిపోయాక మన అమ్మాయి స్వాతి ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే తీసి, మాకవరపాలెం స్కూల్లో రేపు తను చెప్పాల్సిన పాఠం నా ముందు చేసి చూపించింది. ట్రేని ఒక కొసకి వంచి నీళ్లు పోస్తే, ఒక గడి నిండి పక్క గడిలోకి పొర్లాయి. లోపలి గోడలు పైదాకా లేక టైటానిక్ కూడా అలాగే మునిగిందట.

మీ పాఠమే అది. మీరైతే అక్కడితో ఆపేవారు కాదు. "మంచుందని ముందే కబుర్లు వస్తున్నా వేగం తగ్గించలేదర్రా, అసలు కారణం అదీ!" అని బల్ల గుద్దేవారు. అంత చెప్పిన సైన్సు మాస్టారు, వారం రోజులుగా ఛాతీలో మంట వస్తుంటే "గ్యాసేలే" అంటూ గోలీసోడా తాగి బడికి పోయారు. చివరికి పాఠం మధ్యలోనే కుప్పకూలారు. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

సాయంత్రం అది మళ్లీ ట్రేతో పాఠం వల్లిస్తుండగా నాకూ ఛాతీలో పట్టేసింది.

"ఏటమ్మా, అలాగున్నావు?" అంది స్వాతి.

"గ్యాసేలే, ఒక సోడా తెచ్చిపెట్టు" అన్నాను. మీ మాటే నా నోట్లోంచి వచ్చింది.

అది ట్రే అక్కడే పడేసి స్కూటీ తాళం అందుకుంది. "సోడా లేదు, గీడా లేదు. బేగి నడు" అంటూ ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఈసీజీ చూసిన డాక్టరుగారు నవ్వి, నిజంగానే గ్యాసని చెప్పి పంపేశారు. మీరు పోయిన రోజున కూడా ఏడవని పిల్ల, ఆ మాట వినగానే బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

"నాన్నకీ గ్యాసే అయ్యుంటే ఎంత బాగుండేదమ్మా" అంది.